క్రిస్మస్ మతపరమైన పండుగా, అందరి సెలవు రోజా? మా పల్లె వైపు నుండి ఒక సమాధానం

క్రిస్మస్ మతపరమైన పండుగా, లేక మతంతో పని లేకుండా ఎవరైనా జరుపుకోదగిన లౌకిక వేడుకా అని ఇక్కడ ఒకరు అడిగారు. గుంటూరు ప్రాంతపు లూథరన్ (ప్రొటెస్టెంటు శాఖ) క్రైస్తవ కుటుంబంలో పుట్టి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. ఎవరికి నచ్చినట్టు వారు జరుపుకోవచ్చు గానీ, మా వంటి వారికి అది మొదటి నుండి చివరి దాకా మతపరమైన పండుగే. అందులో నుండి యేసును తీసివేసి, మిగిలినదాన్ని అందరి పండుగ పేరుతో మా చేతికే తిరిగి ఇస్తే నేను ఒప్పుకోలేను.

ఇంత గట్టిగా చెప్పడానికి కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన కార్యాలయంలో జరిగిన సంఘటన ఒక కారణం. పండుగకు కొద్ది రోజుల ముందు అక్కడి భోజనశాలలో ప్లాస్టిక్ చెట్టు నిలబెట్టి, దానికి సీరియల్ బల్బులు చుట్టి, అందరికీ ఎర్ర టోపీలు పంచారు. చీటీలు తీసి ఒకరికొకరు బహుమతులు ఇచ్చుకోవడం అయ్యాక, కార్యక్రమం చూసుకుంటున్న సహోద్యోగి నా దగ్గరకు వచ్చి, "మీరు క్రిస్టియన్స్ కదండీ, ఒక పాట పాడండి" అని ఆప్యాయంగానే అడిగారు. చిన్నప్పటి నుండి మా గుడిలో, అంటే చర్చిలో, పాడుతున్న తెలుగు కీర్తన ఒకటి అందుకున్నాను. బేత్లెహేములో రక్షకుడు పుట్టాడని చెప్పే పల్లవి ముగిసి మొదటి చరణంలోకి వెళ్లేసరికి ఆమె మెల్లగా పక్కకు వచ్చి, "ఇది మరీ ప్రార్థనలా ఉందండీ, అన్ని రకాల వాళ్లూ ఉన్నారు కదా, మంచు, గంటలు అలాంటివి వచ్చే ఇంగ్లీషు పాట ఏదైనా పాడకూడదా?" అన్నారు. నేను మైకు ఆమె చేతికిచ్చి వెళ్లి కూర్చున్నాను. తరువాత కేకు కోశారు, ఫొటోలు దిగారు, కానీ ఎవరి పుట్టినరోజని ఆ కేకు కోశారో ఆయన పేరు ఆ మధ్యాహ్నమంతా ఒక్కరి నోటా రాలేదు. అదే భోజనశాలలో వినాయక చవితికి పంతులుగారు మంత్రాలతో పూజ చేశారు, ఆయుధ పూజ నాడు కంప్యూటర్లకు కుంకుమ బొట్లు పెట్టారు. అప్పుడు భక్తి కాస్త తగ్గించమని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. నేనూ మర్యాదగా నిలబడ్డాను. ఆ మర్యాద మా కీర్తనకూ దక్కాలి.

అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చిన తరువాత ఆ చుట్టుపక్కల ఏర్పడిన సంఘాల్లో చాలా భాగం మాల, మాదిగ కుటుంబాలవే. ఆ కుటుంబాలు ఉండే మా పల్లె, ఊరికి ఎడంగా ఉండేది. డిసెంబరు రాగానే గుడికి సున్నం వేసేవారు. కుర్రవాళ్లు వెదురు బద్దలతో, రంగు కాగితాలతో నక్షత్రం కట్టి, లోపల బల్బు పెట్టి, ఊళ్లోకి కూడా కనిపించేంత ఎత్తున నిలబెట్టేవారు. వ్యవసాయ కూలీగా బతికిన మా నాయనమ్మకు ఏడాదిలో కొత్త చీర వచ్చేది ఆ పండుగకే. ఇంట్లో అరిసెలు, జంతికలు వండేవారు గానీ, కేకు మా గడప తొక్కింది చాలా కాలం తరువాత. ఇరవై నాలుగో తేదీ రాత్రి ఆరాధనలో అయ్యగారు (పాస్టరు) లూకా సువార్త రెండో అధ్యాయం చదివేటప్పుడు, పొలంలో మందను కాచుకుంటున్న కాపరులకు దూత ముందుగా కబురు చెప్పిన చోట ఆమె కొంగు నెత్తిన సర్దుకుని నిటారుగా కూర్చునేది. దేవుడు పుట్టిన వార్త పెద్ద ఇళ్లను దాటుకుని రాత్రి కావలి వాళ్ల దగ్గరకు వచ్చిందన్న మాట మీదే ఆమె విశ్వాసమంతా నిలిచింది.

దీనికి ముడిపడిన మరో సంగతి ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదాను మొదట హిందువులకే ఇచ్చి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులను మాత్రం నేటికీ బయటే ఉంచింది. మన రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకు మిగిలింది వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి అనే వర్గం కింద ఒక్క శాతం రిజర్వేషను. అందువల్ల ధ్రువపత్రంలో ఒక మతం, ఆదివారం మరో మతం అన్నట్టు బతకవలసి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటి మీద వెలిగే నక్షత్రాన్ని కేవలం అలంకరణ అనడం అన్యాయం. డిసెంబరులో పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ వేదికలెక్కి కేకు కోసే నాయకులు ప్రేమ, శాంతి గురించి చాలాసేపు మాట్లాడతారు. ఈ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానం చేసినా, ఆ ఉత్తర్వు మారలేదు. దాని గురించి కూడా ఆ వేదికల మీదే మాట్లాడాలి.

మతంతో నిమిత్తం లేని క్రిస్మస్ లోకంలో లేదని నేను అనడం లేదు. జపానులో అది ప్రభుత్వ సెలవు కూడా కాదు, అయినా 1974లో కేఎఫ్‌సీ మొదలుపెట్టిన ప్రచారం పుణ్యమా అని ఆ పూట వేయించిన కోడి తినడం అక్కడి కుటుంబాలకు ఆనవాయితీ అయింది. వాళ్ల వేడుక వాళ్లది, అందులో ఎవరి పాటా ఆపలేదు. మరోవైపు అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీలో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల ప్రొటెస్టెంట్లు పరమ భక్తులై ఉండి కూడా, బైబిలులో ఆ పండుగ లేదన్న కారణంతో 1659లో దాన్ని నిషేధించి, జరుపుకున్న వారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు.

కాబట్టి క్రైస్తవులకు మతపరం, ఇతరులకు లౌకికం అని గీత గీసినా సరిపోదు. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి ఇంగ్లీషు మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. నేటికీ ఆ రోజున అక్కడికి వచ్చే వారిలో హిందువులు ఎందరో ఉంటారు, కొవ్వొత్తి వెలిగించి బిడ్డల కోసం, ఆరోగ్యం కోసం మొక్కుకుంటారు. అది లౌకికమని నేను ఎలా అనగలను? నరసాపురం వైపు బ్రదరన్ సహవాసం అనే మరో క్రైస్తవ శాఖలో ఉన్న మా పిన్ని సంగతి ఇందుకు పూర్తిగా వేరు. మా బంధువులందరిలోకీ బైబిలు ఎక్కువ చదివేది ఆమె. ఆజ్ఞాపించని పండుగను ఆచరించకూడదన్న నమ్మకంతో ఆమె ఇంట్లో నక్షత్రం కట్టరు, శుభాకాంక్షలు చెప్పరు. క్రిస్మస్ నాడు మా ఇంటికి భోజనానికి వస్తుంది గానీ, పిలిచింది అక్క కాబట్టి, పిల్లలకు సెలవు కాబట్టి వచ్చానని ముందే చెబుతుంది. మా పిన్నికి క్రిస్మస్ సెలవు రోజే, ఆ మాట అనే హక్కు ఆమెకు ఉంది.