బౌలింగ్ ఆడితే బొటనవేలు తిమ్మిరి... లీగ్‌లో చేరొచ్చా?

ప్రశ్న: మాది బరంపురం. వయసు 48. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. రెండేళ్ల క్రితం కుడి భుజం పట్టేసింది, ఫిజియోథెరపీతో చాలావరకు తగ్గింది. మా ఆఫీసు వాళ్లు భువనేశ్వర్‌లో ఆదివారాలు జరిగే టెన్‌పిన్ బౌలింగ్ (బరువైన బంతిని దొర్లించి పది పిన్నులను పడగొట్టే ఆట) లీగ్‌కి టీమ్ కడుతూ నన్నూ చేర్చుకున్నారు. ఇంతకుముందెప్పుడూ ఆడలేదు. మొన్న ప్రాక్టీసులో 14 పౌండ్ల బంతితో మూడు గేములు ఆడాను. అప్పటి నుంచి కుడి చేతి బొటనవేలు తిమ్మిరిగా ఉంటోంది. ‘ఈ వయసులో ఇవన్నీ ఎందుకు’ అని మా ఆవిడ కోప్పడుతోంది. చేరొచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

సలహా: చేరొచ్చు. కాకపోతే ఆ తిమ్మిరి పూర్తిగా పోయేదాకా బంతి ముట్టుకోకండి.

తిమ్మిరి బొటనవేలికి ఏ పక్కన ఉందో మీరు రాయలేదు. చూపుడువేలి వైపు ఉన్న పక్కనైతే, బంతికి వేళ్లు పెట్టే రంధ్రం అంచు అక్కడి నరాన్ని ఒత్తి ఉంటుంది. డాక్టర్లు దీన్ని ‘బౌలర్స్ థంబ్’ అంటారు. పట్టించుకోకుండా ఆడుతూ పోతే నరం చుట్టూ కణజాలం గట్టిపడుతుంది. వేలి మొదట్లో చిన్న గడ్డలా తగులుతుంది, నొక్కితే జివ్వుమంటుంది. మొదట్లోనే విశ్రాంతి ఇస్తే చాలామందికి మందులతో పని లేకుండానే తగ్గిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ల నరాలు ఒత్తిడికి త్వరగా దెబ్బతింటాయి కాబట్టి మీరు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి.

కొత్తవాళ్లు ర్యాక్ మీద చేతికందిన బంతి తీసుకుంటారు. రంధ్రం బిగుతుగా ఉంటే వేలు ఇరుక్కుంటుంది. వదులుగా ఉంటే బంతి జారిపోతుందేమోనని వేలు వంచి గట్టిగా పిసుకుతారు. నరానికి రెండోదే ఎక్కువ చెరుపు. బొటనవేలు మొత్తం లోపలికి వెళ్లాలి, గోడలకు కాస్త రాసుకుంటూ తేలిగ్గా బయటికి రావాలి. మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపు దాకా దిగాలి. అలాంటి బంతి దొరికేదాకా నాలుగైదు మార్చి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక బరువు. బంతి గరిష్ఠ బరువు 16 పౌండ్లు, అంటే ఏడుంబావు కిలోలు. మీరు 10 పౌండ్లతో మొదలుపెట్టండి. ‘బరువు బంతైతేనే పిన్నులు పడతాయి’ అనే పెద్దమనిషి ప్రతి టీమ్‌లో ఒకరుంటారు. పిన్నులను తాకాక బరువు బంతి పక్కకు తక్కువ మళ్లుతుంది, ఆ మాట నిజమే. కానీ గురి కుదరని కొత్తవాడికి దానితో ఏం లాభం? లెక్క వేసి చూడండి: మూడు గేముల్లో సుమారు 50 బంతులు వేస్తారు. నాలుగున్నర కిలోల బంతితోనే ఆ ఒక్క చెయ్యీ 225 కిలోలు మోసినట్టు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు తొమ్మిది. స్కోరు గురించి టెన్షన్ వద్దు. చాలా లీగుల్లో సగటు తక్కువున్నవాళ్లకు హ్యాండిక్యాప్ పాయింట్లు కలుపుతారు.

భుజం సంగతికొస్తే, కుడి చేతిని వీపు వెనక్కి పెట్టి ఎడమ చెయ్యి అందినంత ఎత్తుకు అందుతుందా చూసుకోండి. బాగా తేడా ఉంటే బంతిని వెనక్కి ఎత్తుగా ఊపకండి, నడుము ఎత్తు దాటనివ్వకండి. బంతి తిరిగొచ్చే చోట రెండు చేతులతో పక్కల నుంచి ఎత్తండి. రెండు బంతుల మధ్య వేళ్లు పెడితే వెనక నుంచి వచ్చేది నలిపేస్తుంది. రెండున్నర గంటలు రైల్లో కూర్చుని దిగీ దిగగానే ఆట మొదలుపెట్టకండి. పది నిమిషాలు నడిచి, భుజాలు, మణికట్లు, నడుము కదిలించండి.

నాకు ఎక్కువ కంగారు మీ షుగర్ గురించే. గ్లిమిపిరైడ్ వేసుకుని రైలు హడావిడిలో భోజనం ఎగ్గొడితే షుగర్ పడిపోవచ్చు. చేతులు వణకడం, గుండె దడ, చెమట వస్తే మన వంతు వచ్చిందన్న కంగారేమో అనుకుని ఊరుకుంటారు. బౌలింగ్ హాల్లో ఏసీ ఉంటుంది, అంత చల్లదనంలో చెమట పట్టిందంటే అనుమానించాల్సిందే. షుగర్ 70 కన్నా తక్కువుంటే, లేదా చూసుకునే వీలు లేకపోతే, మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగి పావుగంట ఆగి మళ్లీ చూసుకోండి. పెరగకపోతే మళ్లీ అంతే తాగండి. గ్లూకోజ్ డబ్బా బ్యాగులో ఉంచండి, టీమ్‌లో ఒకరికైనా విషయం చెప్పండి.

అద్దె బూట్లలోకి మీ సొంత కాటన్ సాక్సులే వేసుకోండి. ఇంటికొచ్చాక పాదాలకు పొక్కులున్నాయేమో చూసుకోండి, అరికాళ్లలో స్పర్శ తగ్గితే పొక్కు లేచినా తెలియదు. ఆ బూట్లు జారడానికే చేసినవి. అడుగున తడి తగిలితే మాత్రం జారాల్సిన కాలు టక్కున ఆగిపోయి మనిషి ముందుకు పడతాడు. బాత్రూముకీ, టీ కౌంటర్‌కీ వాటితో వెళ్లకండి.

రెండు వారాల్లో తిమ్మిరి తగ్గకపోయినా, గడ్డ తగిలినా, చొక్కా బొత్తాం పెట్టుకోవడంలో వేలు తడబడినా మీ ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఎముకల డాక్టర్‌కు చూపించండి. తిమ్మిరి మిగతా వేళ్లకు పాకినా, రాత్రిళ్లు నిద్ర లేపినా అది బంతి వల్ల కాకపోవచ్చు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం షుగర్ ఉన్నవాళ్లలో మామూలే, దానికి వైద్యం వేరు. ఎలాగూ వెళ్తారు కాబట్టి మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష కూడా చేయించుకోండి. అది అదుపులో ఉందని రిపోర్టు చూపిస్తే మీ ఆవిడ కోపం కూడా కాస్త తగ్గొచ్చు.