దుబాయ్ ఎండలో పనికి దిగిన అల్లుడికి

అల్లుడా,

నిన్ను షట్టరింగ్ పనికి పెట్టారని మీ అమ్మ చెప్పింది. జులైలో దిగావు కాబట్టి ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. అక్కడి ఎండ మన జగిత్యాల ఎండ కాదు. మన దగ్గర పొడి గాలికి చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ సముద్రపు తేమకు చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది. నీళ్లూ ఉప్పూ బయటికి పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది.

దాహమైనప్పుడు తాగుదాంలే అనుకోకు. దాహం తెలిసేసరికే ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటాయి. పనిలో ఉన్నంతసేపు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగు. అట్లాగని గంటకు లీటరున్నర దాకా పోనివ్వకు. వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అదీ ప్రమాదమే.

నాకు అన్నిటికన్నా భయం బాత్రూమ్ గురించి. పని పదో అంతస్తులో, బాత్రూమ్ కిందెక్కడో. దిగి వెళ్తే ఫోర్‌మన్ ఏమంటాడోనని చాలామంది పిల్లలు నీళ్లు తాగడమే మానేస్తారు. కిడ్నీలో రాళ్లు తెచ్చుకుని ఇంటికొచ్చినవాళ్లను మన ఊళ్లోనే చూశావు కదా. తిడితే తిట్టనీ, దిగి వెళ్లు. రోజూ పొద్దున మూత్రం రంగు చూసుకో. లేత పసుపైతే మంచిదే. టీ రంగులో చిక్కగా, కొంచెమే వస్తే పనికి ముందే రెండు గ్లాసులు తాగు. తాగినా రంగు మారకపోతే, మధ్యాహ్నం దాకా అసలు రాకపోతే సిగ్గుపడకుండా సైట్ నర్సుకు చెప్పు. బీ కాంప్లెక్స్ గోలి వేసుకున్న రోజు ముదురు పసుపుగా వస్తే టెన్షన్ పడకు, అది గోలి రంగే.

తలనొప్పి, నోరు పిడచకట్టడం, లేవగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం, వీటిలో ఏది కనిపించినా పని ఆపి నీడకు వెళ్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నిట్లోనే మొత్తం పొడి కలుపుకుని తాగు. ఎనర్జీ డ్రింకుల జోలికి పోవద్దు. అక్కడ ప్రతి దుకాణంలో లబన్ దొరుకుతుంది, మన మజ్జిగే అనుకో. చిటికెడు ఉప్పేసి అన్నంతో తాగు.

మొదటి రోజే పాతవాళ్లతో సమానంగా చేసి చూపించాలనుకోకు. ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. పడిపోయేది ఎక్కువగా కొత్తవాళ్లే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి రూల్. ఆ టైంలో ఫోన్ పక్కన పెట్టి పడుకో.

పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ. వెంటనే అక్కడి అంబులెన్స్ నంబరు 998కి ఫోన్ చేయించు. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి గాలి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు.

నీ రూమ్‌లో కొత్తగా వచ్చినవాళ్లుంటే వాళ్లకూ ఇది చదివి వినిపించు.

మీ మామ