సొంత కారు తెచ్చుకుంటే దొంగతనమా?

ప్రశ్న: సార్, మాది పుత్తూరు. తిరుమల కొండ దిగుతుంటే కారు బ్రేకులు సరిగా పట్టలేదు, క్లచ్ కూడా చూడమని తిరుపతిలో ఒక షెడ్డులో ఇచ్చాను. 18 వేలవుతుందన్నారు, ఇప్పుడేమో 41 వేల బిల్లు వేశారు. పైగా మా అన్న ఆటో పని తాలూకు పాత బాకీ 6 వేలు కూడా నేనే కట్టాలట, అప్పటిదాకా బండి కదలదట. రెండో తాళంచెవి నా దగ్గరే ఉంది. రాత్రికి వెళ్లి తెచ్చేసుకోనా?

జవాబు: వద్దు. ముందు ఆ తాళంచెవి ఇంట్లో ఎవరికైనా ఇచ్చేయండి. ఆర్‌సీ మీ పేరు మీదే ఉండొచ్చు, కానీ రిపేరు డబ్బు కోసం చట్టప్రకారం ఆపుకున్న వస్తువును, ఆ బాకీకి హామీ లేకుండా చేద్దామని యజమానే పట్టుకుపోయినా అది దొంగతనమే. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో వాచీ రిపేరు ఉదాహరణతో సహా ఉందీ మాట, పాత ఐపీసీలోనూ ఉండేది.

మెకానిక్‌కి ఆపుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. అయితే ఏ బండికి పని చేశాడో ఆ పని డబ్బుకే ఆ హక్కు, మీ అన్న ఆటో బాకీకి మీ కారు ఆపడం కుదరదు. 'నెలాఖరుకి ఇద్దువులే' అని ముందే అరువు ఒప్పుకుని ఉంటే అసలు ఆపనే కూడదు.

ఇక 41 వేల సంగతి. 18 అన్నది కాగితం మీదా, వాట్సాప్‌లోనా, నోటిమాటేనా? అది మీరు రాయలేదు, గొడవంతా దాని మీదే నిలబడుతుంది. పార్టులకెంత, కూలికెంత అని విడివిడిగా బిల్లు అడగండి, తీసేసిన పార్టులు చూపించమనండి. పాత క్లచ్ ప్లేటు చూపించలేని షెడ్డును నేనైతే నమ్మను. బేరం తెగకపోతే, కోపమొచ్చినా సరే, కారు బిల్లు వరకు ఆన్‌లైన్‌లో కట్టి, 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసిచ్చి, దాని ఫొటో తీసుకుని బండి తెచ్చుకోండి. అన్న 6 వేలు మాత్రం కట్టకండి. ఆ తర్వాత ఎక్కువ తీసుకున్న డబ్బు కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, లాయర్ని పెట్టుకోవాలనీ లేదు. దానికంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఒక ఫోన్ కొట్టి చూడండి.