ఓటరు కార్డు వచ్చినంత మాత్రాన ఓటు హక్కు రాదు

ప్రశ్న: మేం ఇల్లినాయ్ రాష్ట్రం నేపర్‌విల్‌లో ఉంటాం. నేను అమెరికా పౌరుణ్ని. నేను పిటిషన్ వేస్తే అమ్మానాన్నలకు గ్రీన్ కార్డులు వచ్చాయి, ఇంకో మూడు నెలల్లో ఐదేళ్లు నిండుతాయి. పోయినేడాది నాన్న స్టేట్ ఐడీ కోసం వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి ఏవేవో అడిగిందట. ఈయన అన్నిటికీ ‘యస్ యస్’ అని, చూపించిన చోట సంతకం పెట్టి వచ్చేశారు. కొన్ని వారాలకు ఆయన పేరు మీద ఓటరు కార్డు వచ్చింది. ‘గవర్నమెంటే పంపింది కదా, వేసేయండి’ అని ఆయన వాకింగ్ స్నేహితులు అంటున్నారు. ఇప్పటిదాకా అయితే వేయలేదు. ఇద్దరికీ సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాం. ఈ కార్డు వల్ల ఇబ్బందేమైనా ఉంటుందా? అమ్మకు అరవై ఒకటి, ఇంగ్లీషు అంతంత మాత్రం. పరీక్ష తెలుగులో పెడతారా?

జవాబు: ముందుగా నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఆ కార్డు పట్టుకుని ఏ ఎన్నికకూ వెళ్లకూడదు. ప్రెసిడెంటు ఎన్నికే కాదు, మీ ఊరి స్కూల్ బోర్డుకు కూడా వేయకూడదు. ఇంతవరకూ వేయలేదంటున్నారు కాబట్టి కేసు ఇంకా చేయి దాటిపోలేదు.

వాకింగ్ స్నేహితుల తర్కం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. మన ఊళ్లో ఓటరు కార్డు రావాలంటే బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చి విచారిస్తాడు, జాబితా పంచాయతీ ఆఫీసులో అంటిస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు. అంత జరిగాక వచ్చిన కార్డు కాబట్టి అదే రుజువు అనుకుంటాం. అమెరికాలో అలా ఉండదు. దేశం మొత్తానికి ఓటర్ల జాబితా తయారుచేసే ఎన్నికల సంఘమే లేదు. మీ జాబితా కౌంటీ క్లర్క్ ఆఫీసులో ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు, స్టేట్ ఐడీ ఇచ్చే చోటే ఓటరుగా చేర్చుకునే అవకాశం కూడా ఇవ్వాలని 1993లో చట్టం చేశారు. అక్కడ ‘నేను అమెరికా పౌరుణ్ని’ అని మీరు ప్రమాణం చేసి సంతకం పెడితే, చాలావరకు ఆ మాట మీదే పేరు ఎక్కుతుంది. అంటే ఆ కార్డు ప్రభుత్వం మీకిచ్చిన సర్టిఫికెట్ కాదు. మీరు ప్రభుత్వానికిచ్చిన మాటకు రసీదు. మాట తప్పయితే బాధ్యత మీదే, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిది కాదు.

ఇది ఎంత దూరం పోతుందో చూడండి. పౌరుడు కానివాళ్లు పౌరుణ్నని చెప్పుకుంటే దేశం నుంచి పంపించేయొచ్చని 1996 నాటి ఇమిగ్రేషన్ చట్టం చెబుతోంది. కావాలని చెప్పారా, పొరపాటున చెప్పారా అన్నది ప్రభుత్వం రుజువు చేయనక్కర్లేదని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2019లో ఒక కేసులో తేల్చింది. చట్టవిరుద్ధంగా ఓటు వేయడం దీనికి తోడు మరో కారణం. ఫెడరల్ (ప్రెసిడెంటు, కాంగ్రెస్) ఎన్నికల్లో వేస్తే ఏడాది దాకా జైలు పడే నేరం కూడా.

మీ రాష్ట్రంలోనే జరిగిన కేసు ఒకటి ఉంది. పెరూ దేశస్థురాలు, గ్రీన్ కార్డు మీద ఉన్న నర్సు. లైసెన్సుకు వెళ్లినప్పుడు తన గ్రీన్ కార్డు, పెరూ పాస్‌పోర్టు చూపించారు. ఓటరుగా చేరతారా అని అడిగితే, చేరాలా అని ఆవిడ అడిగారు. అది మీ ఇష్టం అన్నాడు క్లర్క్. ఆవిడ ఫారంలో పౌరురాలినన్న గడిలో టిక్కు పెట్టారు, 2006 ఎన్నికల్లో ఓటు వేశారు. తర్వాత సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఆ సంగతి తానే నిజాయతీగా రాశారు. డిపోర్టేషన్ కేసు మొదలైంది. 2017లో సెవెంత్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కూడా ఆవిడకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఇంగ్లీషు చదవగలిగినావిడ, ఫారం మీద ప్రశ్న స్పష్టంగా ఉంది, కాబట్టి క్లర్క్ చెప్పాడన్న వాదన పనికిరాదంది. నా మట్టుకు నాకు ఆ ఫలితం కఠినంగానే అనిపిస్తుంది. కానీ ఇల్లినాయ్‌లో ఉన్న మీకు వర్తించేది ఆ కోర్టు మాటే.

అయితే మీ నాన్నగారి పరిస్థితి అంత చెడ్డదని ఇప్పుడే అనలేం. ఆయన నిజంగా ఏ ప్రశ్నకు ‘యస్’ అన్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పౌరసత్వం గురించి విడిగా అడిగారా, అడిగితే ఈయన ఏం చెప్పారు? లేక ఆఫీసే పొరపాటున పేరు పంపిందా? అలా కూడా జరుగుతుంది. పౌరులం కాదని చెప్పిన ఐదు వందల మందికి పైగా వివరాలు కంప్యూటర్ లోపం వల్ల ఓటర్ల నమోదుకు వెళ్లిపోయాయని 2020లో ఇల్లినాయ్ ప్రభుత్వమే ఒప్పుకుంది. పౌరుడినని ఆయన ఎక్కడా చెప్పకుండా పేరు ఎక్కి ఉంటే దాన్ని తప్పుడు ప్రకటనగా చూడకూడదు. కాబట్టి అసలు ప్రశ్న ఆ సంతకం దేని కింద ఉందన్నదే.

అందుకే ముందు కాగితాలు తెప్పించండి. ఇమిగ్రేషన్ లాయర్ ద్వారా, సమాచారం కోరే దరఖాస్తు పెట్టి, ఆ రోజు సంతకం చేసిన ఓటరు ఫారం కాపీ అడగండి. లైసెన్సులు ఇచ్చేది మీ రాష్ట్రంలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, ఓటరు రికార్డు ఉండేది కౌంటీ క్లర్క్ దగ్గర. రెండు చోట్లా అడగాలి. కౌంటీ నుంచి ఓటింగ్ చరిత్ర కూడా తీసుకోండి, ఏ ఎన్నికలోనూ వేయలేదని అందులో తెలుస్తుంది. ఆ తర్వాత, వచ్చే ఎన్నికలు రాకముందే, పేరు తీసేయమని రాతపూర్వకంగా కోరి, తీసేసినట్టు జవాబు కాపీ దాచుకోండి. ఆ ఉత్తరం మీ అంతట మీరు రాయొద్దు. కంగారులో ‘పొరపాటున పౌరుణ్నని చెప్పాను’ అని రాసేవాళ్లున్నారు, అది వాళ్ల ఫైల్లోనే సాక్ష్యమై కూర్చుంటుంది. కార్డు చింపి పారేయడం కూడా వద్దు. ఈ పని తేలేదాకా ఆయన ఇండియా ప్రయాణం కూడా వాయిదా వేసుకుంటే మంచిది.

నాన్నగారి ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) అంతవరకూ ఆపండి. ఆ ఫారంలో ఎప్పుడైనా పౌరుణ్నని చెప్పుకున్నారా, ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడుగుతారు. ‘లేదు’ అని రాసి దాటేద్దాం అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. నమోదు రికార్డు వాళ్లకు దొరుకుతుంది, అప్పుడు ఉన్న సమస్యకు అబద్ధం తోడవుతుంది. ‘అవును’ అని రాసి, ఎందుకు జరిగిందో కాగితాలతో చూపించగలిగినప్పుడే ఫైల్ చేయాలి. తిరస్కరిస్తే ఫీజు పోవడంతో ఆగదు, ఇమిగ్రేషన్ కోర్టుకు పిలుపు రావచ్చు. ఇంకోటి, ఓటరు జాబితా నుంచి పేర్లు తీసి జ్యూరీ సమన్లు పంపుతారు. అది వస్తే పక్కన పడేయకుండా, పౌరుణ్ని కానని గుర్తుపెట్టి గడువులోగా తిప్పి పంపాలి.

ఓటు లేనంత మాత్రాన ఆయన గొంతు నొక్కేసినట్టు కాదు లెండి. సిటీ కౌన్సిల్ మీటింగులో మాట్లాడొచ్చు, ఇమిగ్రేషన్ ఫైలు ఆగిపోతే మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు సాయం అడగొచ్చు. దానికి పౌరసత్వం అక్కర్లేదు.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడకి పరీక్ష తెలుగులో పెట్టరు. ఇంగ్లీషు మినహాయింపు వయసొక్కటే చూసి ఇవ్వరు. యాభై ఐదు దాటినవాళ్లకు గ్రీన్ కార్డు వచ్చి పదిహేనేళ్లు, యాభై దాటినవాళ్లకు ఇరవై ఏళ్లు అయి ఉండాలి. అనారోగ్యం వల్ల నేర్చుకోలేని స్థితి అని డాక్టరు ధ్రువీకరిస్తే వేరే దారి ఉంది గానీ, ‘పెద్దావిడ, రాదండీ’ అంటే చెల్లదు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు కొత్త సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించిన) పరీక్ష. 128 ప్రశ్నల జాబితాలోంచి ఇరవై దాకా నోటితోనే అడుగుతారు, పన్నెండు సరిగ్గా చెప్పాలి. సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు, సుప్రీంకోర్టులో జడ్జీలు తొమ్మిది మంది, ఇలాంటివి మన అమ్మలు పట్టుబట్టి బట్టీ కొట్టేస్తారు. దాంతోపాటు మూడు వాక్యాల్లో ఒకటి చదవాలి, మూడింట్లో ఒకటి రాయాలి. తప్పితే ఆ భాగానికి మాత్రం మరో అవకాశం అరవై నుంచి తొంభై రోజుల్లో ఇస్తారు.

నాకు టెన్షన్ ఆ ప్రశ్నల గురించి కాదు. ఆఫీసర్ దరఖాస్తు ముందు పెట్టుకుని ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఎప్పుడైనా పౌరురాలినని చెప్పుకున్నారా’ అని వరసపెట్టి అడుగుతాడు. అర్థం కాక, మర్యాదకి ‘యస్ యస్’ అంటే ఆవిడకీ చిక్కే. ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అనే ఇంగ్లీషు వాక్యం ముందు నేర్పించండి. అలా అడిగితే మార్కులు పోవు, ఆఫీసర్ అదే ప్రశ్న వేరే మాటల్లో అడుగుతాడు.

అమ్మగారు నాన్నగారి కోసం ఆగక్కర్లేదు, ఎవరి దరఖాస్తు వారిదే. ఐదేళ్లు నిండడానికి తొంభై రోజుల ముందు నుంచే వేయొచ్చు. ఈ ఐదేళ్లలో కనీసం ముప్ఫై నెలలు ఇక్కడ ఉండి ఉండాలి. ఒక్క ప్రయాణంలో ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోయి ఉంటే మాత్రం ఇక్కడి నివాసం తెగిందని అనుమానిస్తారు, కాబట్టి పాస్‌పోర్టులో ముద్రలు చూసి తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకుని మరీ లాయర్ దగ్గరికి వెళ్లండి.