మీ ప్రశ్నలు - మా జవాబులు: వెయ్యి రూపాయల్లో హెడ్‌ఫోన్లు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు గంజాం, గజపతి, రాయగడ జిల్లాల కాలేజీ పిల్లలవి. అన్నిటికీ జవాబులివ్వడానికి చోటు చాలదు కాబట్టి, పదిమందికీ పనికొచ్చే వాటిని ఎంచుకున్నాం.

ప్రశ్న: పర్లాకిమిడిలో బీఎస్సీ చదువుతున్నాను. పోటీ పరీక్షల పాఠాలు ఫోన్లో తెలుగులో వింటాను, రోజుకు మూడు నాలుగు గంటలు. గదిలో నలుగురం ఉంటాం. చేతిలో వెయ్యి రూపాయలున్నాయి. అన్నయ్య బ్లూటూత్ బడ్స్ కొనుక్కోమంటున్నాడు. ఏం చేయమంటారు?

వెయ్యే ఉంటే తీగ ఉన్నవే కొనుక్కోండి. బడ్స్‌లో ఆ డబ్బును మూడు బ్యాటరీలు (రెండు చెవులవి, చార్జింగ్ డబ్బాది), బ్లూటూత్ చిప్పులు, చార్జింగ్ సర్క్యూట్ పంచుకుంటాయి. అసలు మోగాల్సిన డ్రైవరుకు (లోపలి బుల్లి స్పీకరుకు) మిగిలేది చిల్లరే. ఒక్కో బడ్‌లో బ్యాటరీ చాలా చిన్నది, సాధారణంగా 30 నుంచి 60 ఎంఏహెచ్. మీలా రోజూ గంటల తరబడి వాడితే రెండు మూడేళ్లలో దాని సత్తువ బాగా తగ్గిపోతుంది. బడ్‌ను జిగురుతో అతికి మూసేస్తారు కాబట్టి విప్పి బ్యాటరీ మార్చడం దాదాపు కుదరదు. తీగదానికి చార్జింగ్ గొడవే లేదు. గాలివానకు కరెంటు పోయిన రాత్రి ఫోన్లో చార్జ్ ఉంటే చాలు, పాఠం నడుస్తుంది.

నలుగురున్న గదిలో చెవి లోపల పెట్టుకునే రకం (ఇన్-ఇయర్) మేలు. రబ్బరు టోపీ చెవి రంధ్రాన్ని మూసేస్తే బయటి మాటలు వాటంతటవే తగ్గుతాయి, వాల్యూమ్ పెంచే పని ఉండదు. అయితే టోపీ సైజు సరిగ్గా కుదరాలి. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద సైజులు మూడు జతలు వస్తాయి. చాలామంది కంపెనీ తొడిగి పంపిన మధ్య సైజుతోనే సరిపెట్టుకుని, బాస్ లేదని తిట్టుకుంటారు. టోపీ పక్కన సందు ఉంటే ముందు పోయేది బాసే. పెట్టుకున్నాక మీ మాట మీకే బుర్రలో గుమ్ముగా వినిపిస్తే సందు లేనట్టు. కుడి చెవికీ ఎడమ చెవికీ వేర్వేరు సైజులు పట్టడం మామూలే.

తీగ ఊడదీసి మార్చుకోగలిగింది చూడండి. కేజెడ్ లాంటి కంపెనీల ఇన్-ఇయర్లకు రెండు పిన్నుల తీగ ఉంటుంది, అది తెగితే తీగ ఒక్కటే కొనుక్కోవచ్చు. బడ్జెట్ కాస్త పెంచగలిగితే మూన్‌డ్రాప్ కంపెనీ "చూ 2" ఇన్-ఇయర్లు చూడండి. దానికి ముందు వచ్చిన "చూ" మోడల్‌కు తీగ ఊడదు, "చూ 2"కు ఊడుతుంది. కొనేటప్పుడు ఆ అంకె చూసుకోండి. పాఠం మధ్యలో మాట్లాడాల్సి వస్తుందంటే మైక్ ఉన్న తీగే అడగండి, రెండు రకాలూ అమ్ముతారు.

చెవిలో దూరేవి పడకపోతే సోనీ ఎండీఆర్-జెడ్ఎక్స్110ఏపీ ఉంది. చెవుల మీద కూర్చునే రకం, మడిచి సంచిలో వేసుకోవచ్చు, తీగ 1.2 మీటర్లు, మైక్ ఉంటుంది. కానీ బయటి శబ్దాన్ని పెద్దగా ఆపదు, మీరు వినేది పక్కవాళ్లకూ కొంత వినిపిస్తుంది. తీగ మాత్రం ఊడదు.

డబ్బా మీది అంకెల్లో రెండే చూడండి. ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు) 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య, సెన్సిటివిటీ (ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 100 డెసిబెల్ దగ్గర లేదా అంతకు మించి ఉంటే ఏ ఫోనైనా తేలిగ్గా మోగిస్తుంది. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అన్నది ప్రతి డబ్బా మీదా ఉంటుంది, దాన్నిబట్టి తెలిసేదేమీ లేదు. డ్రైవరు పెద్దదైతే శబ్దం బాగుంటుందనీ లేదు. "ఎక్స్‌ట్రా బాస్" అని గొప్పగా రాసినవి పాఠాలకు వద్దు, ఆ మోతలో మాట మునిగిపోతుంది. షాపుకు వెళ్లేటప్పుడు ఒక పాఠం డౌన్‌లోడ్ చేసుకుని పట్టుకెళ్లండి. తక్కువ వాల్యూమ్‌లో పెట్టి స, శ, ష విడివిడిగా తెలుస్తున్నాయా వినండి. పాట పెట్టి చూస్తే ఈ తేడా దొరకదు.

ఇంకొక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు, అదే 90 అయితే 4 గంటలే. మీరు వారానికి పాతిక గంటల దాకా వింటున్నారు. ఇన్-ఇయర్ కొనమనడానికి ఇదీ ఒక కారణమే.

ప్రశ్న: నా కొత్త ఫోనుకు గుండ్రటి రంధ్రం లేదు. రాయగడ బజారులో ఎనభై రూపాయలకు టైప్-సి అడాప్టర్ కొన్నాను. పాత ఇయర్‌ఫోన్ పెడితే ఫోన్ స్పీకరే మోగుతోంది. అడాప్టర్ పాడైందా?

పాడై ఉండకపోవచ్చు. అడాప్టర్లలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ఉన్నది తీగలే, శబ్దాన్ని ఫోనే తయారుచేసి పంపాలి. రెండోదాంట్లో డాక్ అనే చిప్ ఉంటుంది, అంకెలను శబ్దంగా మార్చే పని అదే చేస్తుంది. శాంసంగ్ గెలాక్సీ ఎస్20, గూగుల్ పిక్సెల్ వంటి ఫోన్లు టైప్-సి గుండా శబ్దాన్ని నేరుగా పంపవు కాబట్టి వాటికి డాక్ ఉన్నదే కావాలి. ఎనభై రూపాయలది చాలావరకు ఉత్త తీగే అయ్యుంటుంది.

తేల్చుకోవడం తేలికే. టైప్-సి ఉన్న ల్యాప్‌టాప్‌కు పెట్టి సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. కొత్త యూఎస్‌బీ ఆడియో పరికరం కనిపిస్తే డాక్ ఉన్నట్టు. అది ఉండీ మోగకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో ఓటీజీ (బయటి పరికరాలను ఫోనుకు కలిపే సదుపాయం) ఆన్ చేయండి. వన్‌ప్లస్ వంటి కొన్ని ఫోన్లలో పది నిమిషాలు వాడకపోతే ఓటీజీ తనంతట తానే ఆగిపోతుంది. ఆపిల్ వాళ్ల టైప్-సి అడాప్టర్‌లో మంచి డాక్ ఉంది, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం తక్కువగా వస్తుంది. కొనే ముందు మీ ఫోనుకే పెట్టి చూడండి.

ప్రశ్న: బరంపురంలో కొన్న బడ్స్ మీద "ఈఎన్‌సీ నాయిస్ క్యాన్సిలేషన్" అని ఉంది. బస్సులో ఇంజన్ హోరు ఏమాత్రం తగ్గడం లేదు. ఆన్‌లైన్ క్లాసులో మైక్ ఆన్ చేస్తే మాస్టారి గొంతు పాత రేడియోలా మారిపోతోంది. మోసపోయానా?

డబ్బా అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. ఈఎన్‌సీ పనిచేసేది మైక్ మీద. మీ చుట్టూ ఉన్న రొద అవతలివాళ్లకు తక్కువగా వినిపిస్తుంది, మీ చెవికి ఒరిగేదేమీ లేదు. మీకు కావాల్సింది ఏఎన్‌సీ, అంటే మీ చెవికి చేరే బయటి శబ్దాన్ని తగ్గించేది. అదైనా ఇంజన్, ఫ్యాను, రైలు హోరు వంటి ఒకే తీరున సాగే బొంగురు శబ్దాలనే బాగా తగ్గిస్తుంది. పక్క సీటు కబుర్లు వినపడుతూనే ఉంటాయి.

మైక్ సంగతికొస్తే, అది బ్లూటూత్ తీరే. మామూలు బ్లూటూత్‌లో మైక్ తెరవగానే బడ్స్ పాటల మార్గం వదిలి కాల్ మార్గంలోకి మారతాయి. అక్కడ శబ్దం మోనో (రెండు చెవులకూ ఒకటే), నాణ్యత బాగా తక్కువ. ల్యాప్‌టాప్‌లో క్లాసు వింటుంటే ఆ యాప్ సెట్టింగ్స్‌లో స్పీకరుగా బడ్స్‌ను ఉంచి, మైక్‌గా ల్యాప్‌టాప్‌దే ఎంచుకోండి. గొంతు మళ్లీ తేటపడుతుంది.

ఇక అసలు, నకిలీ అనుమానం ఉంటే డబ్బా తిప్పి చూడండి. మన దేశంలో అమ్మే వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో తెలుస్తుంది. ఎమ్మార్పీ, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు కూడా ఉండాలి. బిల్లు ఇవ్వనంటే ఆ షాపులో కొనకండి.

ప్రశ్న: నా ఇయర్‌ఫోన్‌లో ఎడమ పక్క మూగబోయింది. తీగను ఒక కోణంలో వంచితే వస్తోంది. బాగు చేసుకోవచ్చా? - ఐటీఐ విద్యార్థి, గుణుపురం

చేసుకోవచ్చు, మీ చేతికి సోల్డరింగ్ అలవాటే కాబట్టి ఇంకా తేలిక. ముందు తెగినచోటు పట్టండి. పాఠం పెట్టి, జాక్ మొదలు దగ్గర, తీగ రెండుగా చీలేచోట, ఇయర్‌పీస్ దగ్గర అంగుళం అంగుళం వంచుతూ రండి. ఎక్కడ వంచితే గరగరమంటుందో అక్కడే తెగింది. ఎక్కువసార్లు తెగేది జాక్ మొదట్లో.

జాక్ నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలి తీగ కోసేయండి. మైక్ ఉన్నదైతే మూడు నల్ల గీతలున్న నాలుగు భాగాల జాక్ కొనాలి. దాని మూతను తీగకు ముందే ఎక్కించండి. అది మరిచిపోయి అంతా అతికాక మళ్లీ విప్పేవాళ్లే ఎక్కువ. లోపలి సన్న తీగల మీద రంగు లక్క పూత ఉంటుంది, అది పోకపోతే సీసం అంటదు. వేడి ఐరన్ మొన మీద సీసం బొట్టు పెట్టి, తీగ చివరను అందులో రెండు మూడు సెకన్లు ముంచితే లక్క కాలిపోయి చివర తెల్లబడుతుంది. తీగతో కలిసి వచ్చే నైలాన్ దారాలను కత్తిరించేయండి. ఇప్పటి ఫోన్లకు వరస ఇదీ: జాక్ మొన ఎడమ చెవికి, తరవాతి వలయం కుడి చెవికి, దాని తరవాతిది గ్రౌండ్ (అన్నిటికీ ఉమ్మడి తీగ), తీగ వైపున్న చివరి భాగం మైక్. సాధారణంగా ఎరుపు తీగ కుడిది, ఆకుపచ్చ లేదా నీలం ఎడమది, రాగి రంగుది గ్రౌండ్. రంగును నమ్ముకోకుండా మల్టీమీటర్‌తో గ్రౌండ్‌కూ ఒక్కో తీగకూ మధ్య చూడండి, మంచి డ్రైవరు 16 నుంచి 32 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. అంతులేని ఓమ్‌లు చూపిస్తే తెగినచోటు ఇంకా పైన ఉందన్నమాట.

శబ్దం తెగిపోకుండా ఒక పక్క మెల్లగా మాత్రమే వస్తుంటే అది చాలావరకు తీగ జబ్బు కాదు, జాలీలో గులిమి. ఇయర్‌పీస్ జాలీ వైపు కిందికి ఉండేలా పట్టుకుని మెత్తటి పొడి టూత్‌బ్రష్‌తో రుద్దండి. పిన్నుతో పొడవకండి, నీళ్లు తగలనివ్వకండి.

ప్రశ్న: గోపాలపూర్‌లో ఉంటాం. హెడ్‌ఫోన్ మెత్తల తోలు ఏడాదికే పొలుసులుగా రాలుతోంది. నాసిరకమా?

అది తోలు కాదు, బట్ట మీద పూసిన పాలీయురేథేన్. సముద్రపు తేమకూ చెమటకూ ఆ పూత విడిపోయి రాలుతుంది, ఖరీదైనవాటిలోనూ ఇదే కథ. వాడిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెడితే ఇంకొన్నాళ్లు వస్తుంది. మార్చేటప్పుడు గుడ్డ మెత్తలు తెచ్చుకోండి. పాత మెత్త పొడవు, వెడల్పు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, అవే కొలతలు చెప్పి అడగండి. ఐదు మిల్లీమీటర్లు పెద్దదైనా అంచు గాడిలో నిలవదు.