మూత్రం పరీక్షించే ఉద్యోగమా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి సాగు చేస్తాం. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ కెమిస్ట్రీ మూడో సంవత్సరం. 800 మీటర్ల పరుగులో జిల్లా తరఫున పోటీ చేసింది, మోకాలి దెబ్బతో మానేసింది. ఇప్పుడు డోపింగ్ పరీక్షల ఉద్యోగం చేస్తానంటోంది. ‘మూత్రం పరీక్షించే ఉద్యోగమా’ అని చుట్టాలు నవ్వుతున్నారు. బీఈడీ చేయించడం మేలా? - ఒక తండ్రి

జవాబు: అవును, మూత్రం పరీక్షించే ఉద్యోగమే. గెలుపు కోసం క్రీడాకారులు నిషేధిత మందులు వాడారా (అదే డోపింగ్) అని తేల్చే పని. దానికి కావలసిన చదువు అనలిటికల్ కెమిస్ట్రీ. మీ అమ్మాయి ఇప్పటికే సగం దారిలో ఉంది. డోపింగ్ నిరోధం పేరుతో ఎవరైనా డిప్లొమా అమ్మజూపితే మాత్రం డబ్బు కట్టకండి.

నకిలీ పత్తి విత్తనం చూపుకు అసలుదానిలాగే ఉంటుందని మీకు తెలుసు. ఇక్కడా అంతే. కండబలం పెంచే హార్మోన్ టెస్టోస్టెరాన్ మన ఒంట్లోనూ తయారవుతుంది కాబట్టి, మూత్రంలో కనబడినంత మాత్రాన తప్పు చేశారనలేం. కంపెనీలు తయారుచేసే టెస్టోస్టెరాన్‌కు ముడిసరుకు సాధారణంగా సోయా వంటి మొక్కల నుంచి వస్తుంది. అందులో బరువైన రకం కార్బన్ కాస్త తక్కువ. ఐసోటోప్ రేషియో మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ చిన్న తేడాను పట్టుకుని, ఒంట్లో పుట్టిందా, సీసాలోంచి వచ్చిందా తేల్చేస్తుంది.

దేశంలో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఢిల్లీలో ఉంది. ప్రమాణాలకు తగినట్టు లేదని 2019 ఆగస్టులో వాడా ఆ గుర్తింపును నిలిపివేసింది. ఎత్తిచూపిన లోపాల్లో ఈ ఐసోటోప్ పరీక్ష కూడా ఉంది. 2021 డిసెంబరులో గానీ గుర్తింపు తిరిగి రాలేదు, అంతవరకు మన క్రీడాకారుల నమూనాలు విదేశాలకు వెళ్లాయి. చేయి తిరిగిన కెమిస్టుల అవసరం ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. కానీ పోస్టులు కొన్నే. ఏటా నోటిఫికేషన్ వస్తుందని ఆశపెట్టను.

అందుకే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయించి ఎమ్మెస్సీలో చేర్చండి. ఉస్మానియా అయినా, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమైనా సరే. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేయి తిరగాలి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ మందుల కంపెనీల్లో నాణ్యత పరీక్షించే (క్యూసీ) ల్యాబుల్లోనూ ఆ యంత్రమే. ఢిల్లీ పిలిచేదాకా జీతం వచ్చే పని ఊరికి దగ్గర్లోనే ఉంటుంది.

నమూనాలు సేకరించే పని జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) చూస్తుంది. క్రీడాకారిణి మూత్రం ఇస్తున్నప్పుడు దగ్గరుండి గమనించేది స్త్రీయే కావాలన్నది నిబంధన. కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. పరుగు ముగించి చెమటలో నీరంతా పోయిన పిల్లకు అది రావడానికి గంటలు పట్టవచ్చు. ఆ అవస్థ తెలిసిన మీ అమ్మాయి అక్కడా రాణిస్తుంది. అయితే దాన్ని పక్క పనిగానే లెక్కపెట్టుకోండి.

బీఈడీ ఎమ్మెస్సీ తరువాతైనా చేయవచ్చు. ముందు అమ్మాయినే ఒక మాట అడగండి: ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ చివరి చుక్క కోసం కాచుకుని కూర్చోవడం ఆమెకు ఇష్టమేనా? విసుగంటే మళ్లీ నాకు రాయండి, అప్పుడు బీఈడీ సంగతి మాట్లాడుకుందాం.