మీరడిగారు, మాస్టారు చెబుతున్నారు: 1900 నాటి లోకంలో మనవాళ్ళెక్కడ?

పోయిన నెల ఈ శీర్షికలో 1900కి అటూ ఇటూ ప్రపంచంలో ఏం జరిగిందో మీకు తోచింది అడగండి అన్నాను కదా, బరంపురం, పర్లాకిమిడి, గునుపూర్, రాయగడ, జైపూర్ అన్నివైపుల నుంచీ ఉత్తరాలొచ్చాయి, వాట్సాప్‌లో అయితే వాయిస్ మెసేజ్‌లు కూడా పెట్టారు. చాలామంది బాధ ఒకటే. పిల్లలకి స్కూల్లో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, ఏ పుస్తకం తీసినా మనూరి మనుషులు కనబడరు అని. అందుకే మనవాళ్ళు కనిపించే చోట కాస్త ఎక్కువసేపు ఆగాను, మిగతావి గబగబా చెప్పేశాను, ఏమీ అనుకోకండి.

మాస్టారూ, ఇరవయ్యో శతాబ్దం 1900 జనవరిలో మొదలైందా, 1901 జనవరిలోనా? మా అన్నదమ్ముల మధ్య పెద్ద వాదన నడుస్తోంది. – ఛత్రపురం నుంచి ఒక పాఠకుడు

1901 జనవరి 1నే బాబూ. ఒకటో సంవత్సరం నుంచి లెక్క పెట్టుకుంటూ వస్తే వంద నిండేది 1900 ఆఖరి రోజుకి. మీ వాదన అప్పటివాళ్ళకీ ఉంది, జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ మాత్రం 1900 జనవరి 1నే కొత్త శతాబ్దం అని ఆర్డరేసి పండగ చేయించాడు, మిగతా దేశాలు చాలావరకు ఇంకో ఏడాది ఆగాయి. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి, 1900 లీపు సంవత్సరం కాదు. నాలుగుతో భాగం పోయినా సరే, వందల సంవత్సరం అయితే 400తో కూడా పోవాలి, కాబట్టి ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులే. పాత జాతకాలకి ఇంగ్లీషు తేదీలు కట్టేవాళ్ళు ఇక్కడే పొరబడుతుంటారు.

మా పర్లాకిమిడి బుల్లి రైలు 1900లోనే మొదలైందట కదా. అదే టైమ్‌లో బయట ప్రపంచంలో ఏం జరుగుతోందండీ? – కాశీనగరం నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్

నిజమేనమ్మా. 1900 ఏప్రిల్ 1న నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు మొదలైంది, రెండున్నర అడుగుల గేజ్, సుమారు 25 మైళ్ళు. మద్రాసు–కలకత్తా మెయిన్ లైన్ నౌపడా మీదుగా పోతుంటే తన ఊరు పక్కన పడిపోకూడదని రాజావారు దాదాపు 7 లక్షల రూపాయలు పెట్టి వేయించారు. మొదట్లో నష్టాలే వచ్చాయి, అయినా వదల్లేదు, తర్వాత 1929లో, 1931లో రెండు విడతలుగా గునుపూర్ దాకా పొడిగించారు. ఇప్పుడు మీరెక్కే బ్రాడ్ గేజ్ రైలు వెళ్ళేది ఆ దారి వెంటే.

పదమూడు రోజులకి, ఏప్రిల్ 14న, పారిస్‌లో ప్రపంచ ఎగ్జిబిషన్ తెరిచారు. దానికి వచ్చిపోయినవాళ్ళ లెక్క సుమారు 5 కోట్లు. మనిషి నిలబడితే చాలు తనే కదిలిపోయే ఫుట్‌పాత్, కరెంటు దీపాలతో కట్టిన ఒక ప్యాలెస్, అన్నీ అక్కడే. పారిస్ మెట్రో రైలు కూడా ఆ ఏడు జులై 19న మొదలైంది, అంటే మన పర్లాకిమిడి రైలు దానికన్నా మూడున్నర నెలలు పెద్దది! ఈ మాట నేను ఎక్కడికెళ్ళినా చెబుతుంటాను. ఎగ్జిబిషన్‌తో పాటే ఒలింపిక్స్ కూడా పెట్టారు, కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచార్డ్ పరుగు పందాల్లో రెండు వెండి పతకాలు కొట్టాడు. జగదీశ్ చంద్ర బోస్ ఆ ఏడే పారిస్‌లో ఫిజిక్స్ సభకి వెళ్ళారు, వివేకానందుడు కూడా అప్పుడు అక్కడే ఉన్నారు.

ఆ రోజుల్లో పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్న గిడుగు రామమూర్తిగారు సవరవాళ్ళ దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, దానికి పాఠ్యపుస్తకాలు రాసే పనిలో ఉన్నారు. కొండ మీద మనిషి మాట కూడా బడిలో చెప్పదగ్గ మాటే అని అప్పుడు అనుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. నా మట్టుకు నాకు పారిస్ ప్యాలెస్ కన్నా అదే పెద్ద విషయం.

మాస్టారు గారికి నమస్కారం. మా ముత్తాత అన్నగారు "నేటాలు పోనాడు, మరి రానేదు" అని నానమ్మ చెప్పేది. బోయర్ యుద్ధంలో గాంధీగారి అంబులెన్స్‌లో కూలీవాళ్ళు ఉన్నారని ఎక్కడో విన్నాను. మనవాళ్ళు కూడా ఉన్నారా? – గోపాలపూర్ దగ్గర పల్లె నుంచి ఒక గృహిణి

అమ్మా, మీ ఉత్తరం రెండుమూడుసార్లు చదివాను. మన వైపు పాతవాళ్ళు సముద్రం దాటిన ఎవర్నయినా "రంగం పోయాడు" అనేసేవారు, రంగం అంటే రంగూన్. గోపాలపూర్‌లో స్టీమర్ ఎక్కి బర్మా వెళ్ళి, రైస్ మిల్లుల్లో, రేవులో మూటలు మోసి డబ్బు కూడబెట్టుకుని వెనక్కి వచ్చేవారు. మీ నానమ్మగారు రంగం అనకుండా నేటాలు అన్నారంటే ఆవిడ గుర్తుపెట్టుకునే చెప్పారన్నమాట. అది వేరే దారి. దక్షిణాఫ్రికాలో నేటాల్ అనే ఇంగ్లీషువాళ్ళ రాజ్యం, అక్కడ చెరకు తోటలు, ఐదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని మద్రాసు నుంచి, కలకత్తా నుంచి ఓడల్లో తీసుకెళ్ళేవారు. 1860 నవంబర్ 16న డర్బన్ చేరిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి వెళ్ళిందే. 1911లో ఆపేసేలోపు వెళ్ళినవాళ్ళు లక్షా 52 వేలమంది, అందులో మూడింట రెండొంతుల దాకా మద్రాసు ఓడలవాళ్ళు, అంటే తమిళులు, తెలుగువాళ్ళు. తెలుగువాళ్ళలో మన గంజాం, విశాఖ జిల్లాలవాళ్ళు బాగా ఉన్నారు, అప్పుడు మనం మద్రాసు రాజధాని కిందే కదా, 1936 దాకా.

ఎందుకెళ్ళారు అంటే కడుపు కోసమే. మొదటి ఏడు జీతం నెలకి 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు పెంచేవారు. 1889లో గంజాంలో కరువు, మళ్ళీ 1896–97లో కరువు, ఇంక భూమి లేనివాడు ఏం చేస్తాడు.

ఇప్పుడు యుద్ధం సంగతి. 1886లో ట్రాన్స్‌వాల్‌లో బంగారం బయటపడింది. అక్కడ ఏలేది బోయర్లు, డచ్చి రైతుల సంతతి. ఇంగ్లీషువాళ్ళకీ వాళ్ళకీ పేచీ పెరిగి పెరిగి 1899 అక్టోబర్ 11న యుద్ధం అయింది. గాంధీగారికి మనసులో బోయర్ల మీదే జాలి, కానీ బ్రిటిష్ ప్రజలుగా హక్కులు అడుగుతున్నప్పుడు కష్టంలో సాయం కూడా చెయ్యాలి కదా అనుకుని అంబులెన్స్ దళం కట్టారు. మొత్తం 1,100 మంది. అందులో సొంతంగా బతుకుతున్నవాళ్ళు 300 మంది, మిగతా 800 మంది తోటల నుంచి వచ్చిన ఒప్పందపు కూలీలు. నేటాల్ తోటల్లో మద్రాసు ఓడలవాళ్ళే ఎక్కువ అని పైన చెప్పాను కదా, కాబట్టి ఆ స్ట్రెచర్ల కింద తెలుగు భుజాలు ఉన్నాయి అనడానికి నాకేమీ సందేహం లేదు.

1900 జనవరి 24న స్పియాన్ కోప్ అనే కొండ మీద ఘోరమైన పోరు జరిగింది. గుండ్లు పడే చోటుకి రానక్కర్లేదని ముందే మాట ఉంది, కానీ ఆ దెబ్బతో ఇంగ్లీషు సైన్యం నడిపిస్తున్న జనరల్ బుల్లర్ కబురు పెట్టాడు, వస్తే మేలు చేసినవాళ్ళవుతారు అని. వీళ్ళు వెళ్ళారు. దెబ్బలు తిన్నవాళ్ళని మోసుకుంటూ రోజుకి 20, 25 మైళ్ళు నడిచారు. జనరల్ వుడ్‌గేట్‌ని మోసింది కూడా వీళ్ళే. ఆరు వారాల తర్వాత దళాన్ని పంపించేశారు, నాయకులకి వార్ మెడల్స్ ఇచ్చారు. ఆ 800 మంది మళ్ళీ తోటలకే పోయారు.

నాకు గుండె బరువెక్కేది ఇక్కడే. 1895లో నేటాల్‌లో ఒక చట్టం చేశారు, దాని తర్వాత వచ్చిన కూలీ ఒప్పందం అయ్యాక తిరిగి ఇండియా పోకుండా, మళ్ళీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉంటే ఏడాదికి 3 పౌన్లు పన్ను కట్టాలి. పౌనుకి 20 షిల్లింగులు కదా, లెక్క వేసుకోండి, మొదటి ఏడు జీతంలో ఆరు నెలల కూలి. వాళ్ళ సైనికుల్ని మోసినవాళ్ళ మీద ఇలాంటి పన్ను! 1913లో గనుల్లో, తోటల్లో వేలమంది పని ఆపి రోడ్డెక్కితే గానీ 1914లో అది పోలేదు.

యుద్ధం 1902 మే 31 దాకా సాగింది. ఇంగ్లీషువాళ్ళు బోయర్ల పొలాలు తగలబెట్టి ఆడవాళ్ళనీ పిల్లల్నీ క్యాంపుల్లో పెడితే రోగాలకి సుమారు 26 వేలమంది చనిపోయారు, ఆఫ్రికావాళ్ళకి వేరే క్యాంపులు పెట్టారు, వాటిల్లోనూ వేలమంది పోయారు. పట్టుబడ్డ బోయర్లని ఓడల్లో మన దేశానికీ తెచ్చారు, అహ్మద్‌నగర్‌లో, తిరుచిరాపల్లిలో ఉంచారు.

మీరు చెయ్యగలిగింది ఒకటుందమ్మా. ఆ ఓడల జాబితాలు దక్షిణాఫ్రికాలో ఇంకా భద్రంగా ఉన్నాయి, అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలు కూడా రాశారు. పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుంటాడు కాబట్టి పేరు కన్నా ముందు జిల్లా, ఊరు, తండ్రి పేరు పట్టుకుని వెతికించండి. నానమ్మగారి తరం వాళ్ళు ఇంకెవరైనా ఉంటే ఈ వారమే కూర్చుని ఊరి పాత పేరు, ముత్తాతగారి తండ్రి పేరు రాయించుకోండి, ఆలస్యం చెయ్యొద్దు.

1900లో మన సిపాయిలు చైనా మీదకి యుద్ధానికి వెళ్ళారా? చైనా మనకేం చేసింది? – రాయగడ నుంచి ఒక పాఠకుడు

ఏమీ చెయ్యలేదు. ఇంగ్లీషువాళ్ళు పొమ్మంటే పోయారు అంతే. చైనా ఉత్తరాన వానల్లేక కరువు, పైగా జర్మనీ, రష్యా, బ్రిటన్ తలో రేవు పట్టుకుని కూర్చున్నాయి, రైళ్ళు వేస్తున్నారు, మిషనరీలు ఊళ్ళ తగాదాల్లో తల దూరుస్తున్నారు. ఆ కోపంలోంచి పుట్టినవాళ్ళే బాక్సర్లు, కర్రసాము లాంటి విద్యలు నేర్చి మంత్రం వేసుకుంటే తూటా తగలదని నమ్మిన రైతుకుర్రాళ్ళు. మిషనరీలనీ, మతం మారిన చైనావాళ్ళనీ చంపారు, అది కూడా దాచకూడదు. 1900 జూన్ 20 నుంచి ఆగస్టు 14 దాకా 55 రోజులు బీజింగ్‌లో విదేశీ రాయబారుల పేట ముట్టడిలో ఉంది. ఎనిమిది దేశాల సైన్యం వెళ్ళి విడిపించింది, అందులో బ్రిటిష్ సైన్యం అంటే ఎక్కువమంది మనవాళ్ళే, సిక్కులు, రాజపుత్రులు. తర్వాత ఊళ్ళు దోచారు. 1901 సెప్టెంబర్ 7 ఒప్పందంలో 45 కోట్ల తాయెల్‌ల (తాయెల్ అంటే చైనావాళ్ళ తూకం) వెండి జరిమానా వేసి 39 ఏళ్ళు కట్టమన్నారు. రాజపుత్ర పటాలంలో వెళ్ళిన గదాధర్ సింగ్ అనే సిపాయి తిరిగొచ్చి తన 13 నెలల అనుభవం హిందీలో రాసుకున్నాడు, చైనావాళ్ళ మీద జాలితో. అవతలివాడూ మనలాంటివాడే అని యుద్ధభూమిలో ఉండి అనుకోగలిగాడు, అది మామూలు సంగతి కాదు.

మా జైపూర్ వైపు "ఏజెన్సీ జొరం" అంటే ఇప్పటికీ భయమే. దోమ వల్ల వస్తుందని కనిపెట్టింది మన దగ్గరేనా? – జైపూర్ నుంచి ఒక ఆశా కార్యకర్త

అవునమ్మా, సికింద్రాబాద్‌లో. 1897 ఆగస్టు 20న డాక్టర్ రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ జాతి దోమ కడుపులో మలేరియా పురుగు కణాల్ని మైక్రోస్కోప్‌లో చూశాడు, 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమల చేత కుట్టించుకున్న మనిషి హుస్సేన్ ఖాన్ అనే రోగి, ఒక్కో దోమకి ఒక్కో అణా ఇచ్చారు. మీరు గడపగడపకీ తిరిగి రక్తం చుక్క తీసి జ్వరం పరీక్ష చేస్తున్నారు చూడండి, అది ఆ అణా దోమ దగ్గర మొదలైన పనే. మీ ఉత్తరానికి వేరే థాంక్స్.

జపాన్ రష్యాని ఓడించడం మన స్వాతంత్ర్యానికి పనికొచ్చిందా? – గునుపూర్ నుంచి ఒక పాఠకుడు

బాగా పనికొచ్చింది. 1905 మే 27, 28 తేదీల్లో సుషిమా దగ్గర జపాన్ నౌకాదళం రష్యా ఓడల్ని ముంచేసింది, అవి యూరప్ నుంచి ఏడు నెలలు ప్రయాణం చేసి మరీ వచ్చిన ఓడలు. తెల్లవాడు ఓడడు అనే నమ్మకం ఆ రెండు రోజుల్లో పోయింది. అదే ఏడు అక్టోబర్ 16న బెంగాల్ విభజన, స్వదేశీ ఉద్యమం, 1907లో బిపిన్ చంద్ర పాల్ విశాఖ నుంచి బందరు దాకా తిరిగి ప్రసంగాలు. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరిగారికి సుషిమా నాటికి పదేళ్ళు, ఆ తరం పెరిగింది ఈ కబుర్లు వింటూనే.

మా అత్తగారి పెట్టెలో "విక్టోరియా ఎంప్రెస్" అని 1901 రూపాయి దొరికింది. రాణిగారు 1901 జనవరిలోనే పోయారు కదా, ఇది దొంగ నాణెమా? – బరంపురం నుంచి ఒక పాఠకురాలు

ఆ ఒక్క కారణంతో దొంగది అనుకోకండమ్మా. రాణి పోయింది 1901 జనవరి 22న, అయినా 1901 సంవత్సరం వేసిన రూపాయిల మీద ఆవిడ బొమ్మే ఉంది. కొడుకు ఎడ్వర్డ్ బొమ్మతో రూపాయి 1903 తేదీతో గానీ రాలేదు. 1877 ముందువాటి మీద "క్వీన్" అని ఉంటుంది, తర్వాతవాటి మీద "ఎంప్రెస్". అసలుది అయితే సరిగ్గా తులం తూగాలి, అంటే 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. అప్పట్లో కంసాలులు తులం రాయి లేకపోతే రూపాయే వేసి తూచేవారు. కొంచెం అరిగి ఉంటే కాస్త తగ్గుతుంది, కంగారు పడకండి. మీ దగ్గర నగల షాపులో డిజిటల్ కాటా మీద పెట్టించి చూడండి. నల్లగా ఉంది కదా అని చింతపండు పెట్టి మాత్రం తోమొద్దు, అంచులు అరిగిపోతాయి, మెత్తటి గుడ్డలో చుట్టి మళ్ళీ అత్తగారి పెట్టెలోనే పెట్టేయండి.